వలందపాలెం ఎక్కడుందో యంత్రానికి ఎవరు చెప్పాలి?

బందరులో వలందపాలెం ఉంది, ఇంగ్లీషుపాలెం ఉంది, పరాసుపేట ఉంది. ఈ మూడింటిలో ఏ పేరు చెప్పినా ఆటోవాళ్లు మారుమాట లేకుండా తీసుకెళ్లి దింపుతారు. వలందులంటే డచ్చివాళ్లు. ఫరాసులంటే ఫ్రెంచివాళ్లు. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు ఈ రేవులో దిగి వ్యాపార కొట్లు పెట్టుకున్నారు. ఆ శతాబ్దంలోనే ఫ్రెంచివాళ్లూ వచ్చారు. డచ్చివాళ్లు ఈ తీరాన్ని ఇంగ్లీషువాళ్లకు అప్పజెబుతూ సంతకం పెట్టింది 1824లో. అంటే వాళ్లు వెళ్లిపోయి రెండు వందల ఏళ్లయింది. పేట పేరు మాత్రం జనం నోట్లో చెక్కుచెదరకుండా ఉంది.

ఆ పేటల్లో ఎవరు ఎవరికి ఎంత బట్ట అమ్మారో, ఏ గాలివానకు ఏ గోదాము కూలిందో రాసిన కాగితాలు మాత్రం బందరులో లేవు. హేగ్‌లో ఉన్నాయి, లండన్‌లో ఉన్నాయి, కొన్ని చెన్నైలో ఉన్నాయి. కాగితం ఒక ఖండంలో, దాన్ని చదివి గుర్తుపట్టగలిగిన మనిషి మరో ఖండంలో. తీరప్రాంతపు పాత పత్రాలనూ ఫొటోలనూ డిజిటల్ రూపంలోకి తెచ్చే పనిలో స్వచ్ఛంద కార్యకర్తల అవసరం ఎందుకో ఈ ఒక్క సంగతి చాలావరకు చెబుతుంది. స్కాన్ చేయడానికి మంచి యంత్రం, ఓపికున్న ఉద్యోగి ఉంటే సరిపోతుంది. స్కాన్ అయిన దానికి సరైన పేరు పెట్టడానికి ఆ ఊరివాళ్లు కావాలి.

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టి 1799లో మూతబడింది. అది వదిలిపోయిన కాగితాలు ప్రపంచమంతటా కలిపి సుమారు రెండున్నర కోట్ల పేజీలని అంచనా. 2003లో యునెస్కో వాటిని తన ‘ప్రపంచ స్మృతి’ పట్టికలో చేర్చింది. హేగ్‌లోని జాతీయ పత్రాగారం తన దగ్గరున్న కట్టలను స్కాన్ చేసి నెట్‌లో పెట్టింది. ఆసియా రేవుల నుంచి హాలండ్‌కు చేరిన ఉత్తరాలు, నివేదికలు సుమారు 50 లక్షల పేజీలు. ఆమ్‌స్టర్‌డామ్‌లోని హైగెన్స్ సంస్థ ఆధ్వర్యంలో నడిచే ‘గ్లోబలైజ్’ ప్రాజెక్టు వాటిని కంప్యూటరుతో చదివించి, మాటలతో వెతుక్కోవడానికి వీలు కల్పించే పని పెట్టుకుంది. చేతిరాత చదవడం కంప్యూటరుకు పుట్టుకతో రాదు. ముందు మనుషులు కొన్ని వేల పేజీలు అక్షరం అక్షరం తిరగరాసి ఇవ్వాలి. వాటిని చూసి అది నేర్చుకుంటుంది.

అలా తిరగరాసే పనికి నెదర్లాండ్స్‌లో ఒక ఏర్పాటు ముందునుంచే ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ నగర పత్రాగారం 2011లో ‘ఫేలె హాండెన్’ అనే వేదిక మొదలుపెట్టింది. చాలా చేతులు అని దాని అర్థం. పనిచేసేవాళ్లలో చాలామంది ఇంట్లో కూర్చుని చేసే మామూలు జనం. పద్ధతి చూడటానికి చిన్నదే కానీ గట్టిది. ఒకే పేజీని ఇద్దరికి విడివిడిగా ఇస్తారు. ఒకరు రాసింది రెండోవాళ్లకు కనబడదు. ఇద్దరి రాతల్లో తేడా వస్తే మూడో మనిషి చూసి తేలుస్తారు. ఒక్కరి కంటిని గుడ్డిగా నమ్మకపోవడమే దీని బలం. చేతిరాత చదివేటప్పుడు కన్ను తనకు తెలిసిన మాటనే వెతుక్కుంటుంది, లేని చోట కూడా కనిపెడుతుంది. ఇద్దరి పొరపాటూ ఒకే చోట, ఒకే రకంగా పడటం అరుదు.

ఇంత చేశాక కూడా ఒక గోడ అడ్డం వస్తుంది. ఆ కాగితాల్లో ‘దాట్చెరోం’ అని ఒక ఊరి పేరు కనిపిస్తుంది. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి, యంత్రమూ సరిగ్గానే చదివింది. కానీ అది ఏ ఊరు? గోదావరి జిల్లాల మనిషి ఒకటికి రెండుసార్లు పైకి చదివితే చాలు, ద్రాక్షారామం అని పట్టేస్తారు. అక్కడ డచ్చివాళ్లకు బట్టల కొటారు ఉండేది. ‘పాలికోల్’ అంటే పాలకొల్లు. ‘జగ్గర్‌నాయక్‌పూరం’ అంటే కాకినాడలోని జగన్నాథపురం. ‘బిమిలిపట్నం’ అంటే మన భీమిలి. ‘నాగెల్‌వాన్స్’ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నాగులవంచ సముద్రం ఒడ్డున లేదు, ఖమ్మం వైపు లోపల ఉంది. బందరు నుంచి గోలకొండకు బళ్లు నడిచే దారిలో మజిలీ అది. మ్యాపులో తీరం వెంబడే వేలు పెట్టి వెతికే విదేశీ పరిశోధకుడికి అది దొరకదు. ఇలాంటి పేర్లు వందల సంఖ్యలో ఉంటాయి. ఊరి పేరు తేలకపోతే ఆ పేజీ నెట్‌లో ఉన్నా లేనట్టే. పాలకొల్లు నేతగాళ్ల చరిత్ర రాయాలనుకున్న విద్యార్థి ‘పాలకొల్లు’ అని కొడితే ఆ పేజీ రాదు.

ఈ దెబ్బ మనం ఇంటిదగ్గర కూడా తిన్నాం. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. పని పెద్దది, దాని మేలు కాదనలేం. కానీ పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వాళ్లు ఎక్కించారు. రచయిత పేరు ఒకచోట ఒకలా, మరోచోట ఇంకోలా ఉంటుంది. కొన్నిటికి శీర్షిక సగమే ఉంటుంది. పుస్తకం ఉందని తెలిసినవాళ్లకు కూడా దొరికేది కాదు. తెలుగు వికీపీడియాలో కొందరు కార్యకర్తలు పూనుకుని ఆ జాబితాను తెలుగు లిపిలో తిరిగి రాసుకుంటూ వచ్చారు. ఒక్కో పుస్తకం తెరిచి, ముఖపత్రం చూసి, పేరూ రచయితా సంవత్సరమూ సరిచేశారు. పేరు ప్రఖ్యాతులు రాని పని అది. ఈ మాట కొంచెం గట్టిగానే చెప్పాలి: స్కాన్ చేసినవాళ్లు పుస్తకాన్ని కాపాడితే, ఆ జాబితా రాసినవాళ్లు దాన్ని పాఠకుడి చేతికి అందించారు.

పాత పుస్తకాలను అందరూ కలిసి టైపు చేసి నెట్‌లో పెట్టే తెలుగు వికీసోర్స్‌లో ఈ పనికి ఒక క్రమం ఉంది. స్కాన్ చేసిన పుటను అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేరు ముందుగా చదువుతుంది. పాత అచ్చులో వత్తులు, గుణింతాలు దానికి తరచుగా చిక్కవు. ఆ స్థితిలో పుట ఎర్రగా ఉంటుంది. ఒకరు అసలుతో పోల్చి దిద్దితే పసుపు అవుతుంది. రెండో మనిషి మళ్లీ చూసి సరే అంటేనే ఆకుపచ్చ. డచ్చివాళ్ల ఇద్దరు ముగ్గురు పద్ధతికీ దీనికీ లోపలి సూత్రం ఒకటే. కాకపోతే తెలుగులో చేతులు తక్కువ. పసుపు దగ్గరే ఆగిపోయిన పుటలు చాలా ఉంటాయి.

అచ్చు పుస్తకం సంగతి అలా ఉంచితే, తీరప్రాంతపు అసలు నిధి ఇళ్లలో ఉంది. పెట్టెల్లో, దండెం మీద వేలాడే సంచుల్లో, గోడకు కొట్టిన పటాల వెనక ఉంది. ఒక మామూలు ఉదాహరణ తీసుకోవచ్చు. సముద్రపు ఒడ్డున పది పన్నెండు మంది తాడు పట్టుకుని లాగుతున్న పాత ఫొటో. కింద ఇంగ్లీషులో రాసిన మాటకు అర్థం ‘జాలరులు, కోరమాండల్ తీరం’ అనే. ఇలాంటి ఫొటోలు ప్రపంచంలో ఏ మ్యూజియంలో చూసినా ఇంతకుమించి రాసి ఉండదు. అదే ఫొటోను ఉత్తరాంధ్ర జాలరిపేటలో ఒక పెద్దాయన చేతిలో పెడితే మాటలు వరస కడతాయి. లాగుతున్నది అలివి వల. రెండు తాళ్లలో ఒకటే ఫొటోలో పడింది, రెండోది కుడిచేతి వైపు, బయట ఉంది. పక్కన ఉన్నది పడవ కాదు, దుంగలు కట్టిన తెప్ప. వాటి కట్లు ఊడదీసి ఆరబెట్టారంటే వేట అయిపోయింది. వెనక కనిపిస్తున్న కొండ ఫలానా కొండ, దాని భుజం ఇటు వాలి ఉంది కాబట్టి ఫొటో తీసినవాడు ఏటి మొగకు ఇవతల నిలబడ్డాడు.

ఆ చివరి మాటను ఊహగా కొట్టిపారేయడానికి లేదు. తీరం కనిపించే దూరంలో వేటాడేవాళ్లు కొండనూ గుడి గోపురాన్నీ, లేదా రెండు కొండలనూ ఒక గీతలో కలుపుకుని నీటి కింద బండలు ఎక్కడున్నాయో గుర్తుపట్టడం తరాల విద్య. కొండగుర్తు అనే మాట మనకు ఊరికే రాలేదు. ఆ కళ్లకు ఒక పాత ఫొటోలో కొండ కనిపిస్తే తీసిన చోటు దాదాపు కచ్చితంగా చెప్పగలవు. జీపీఎస్ పరికరాలు వచ్చాక పుట్టినవాళ్లకు ఆ అవసరం తగ్గింది. అందుకే ఫొటో ముందో, పెద్దాయన ముందో అంటే పెద్దాయనే ముందు. ఫొటో ఇంకో ఐదేళ్లు ఆగగలదు.

అలా చెప్పినదాన్ని రాసుకునే తీరులోనే కార్యకర్త నిజాయితీ తెలుస్తుంది. పాత వ్యాఖ్య తప్పయినా చెరపకూడదు, పక్కన కొత్తది చేర్చాలి. ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఖాయంగా చెప్పారా లేక ‘అయ్యుండొచ్చు’ అన్నారా, ఈ మూడూ రాయాలి. పాత ఇంగ్లీషు వ్యాఖ్యల్లో కులాల పేర్లు చులకనగానో తప్పుగానో ఉంటాయి. వాడబలిజ, జాలరి, పల్లెకారు, పట్టపు అని ఎవరిని వాళ్లు ఏమని చెప్పుకుంటారో ఆ మాటే కొత్త వివరంలో ఉండాలి. అన్నిటినీ కలిపి ‘మత్స్యకారులు’ అని రాసేస్తే ప్రభుత్వ ఫారానికి సరిపోతుంది గానీ చరిత్రకు చాలదు.

భాష తెలిసినా ఊరు తెలియకపోతే ఎంత పోతుందో చూపడానికి ఒక్క మాట చాలు. పాత ఉత్తరంలో ‘రంగం నుంచి సొమ్ము వచ్చింది’ అని ఉందనుకుందాం. సాఫ్ట్‌వేరు తప్పు లేకుండా చదువుతుంది. హైదరాబాదులో చదువుకున్న కుర్రాడు రంగస్థలమో, ఏదో వ్యాపార రంగమో అనుకుంటాడు. శ్రీకాకుళం, విశాఖ వైపు ఇంట్లో అడిగితే రంగం అంటే రంగూన్ అని చిన్నపిల్లల తాతలు చెబుతారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి ఓడలెక్కి వేలమంది బర్మా వెళ్లారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లనందరినీ ‘కోరంగీలు’ అనేవారు. 1942లో జపాను సైన్యం వచ్చిపడ్డాక చాలామంది అడవుల గుండా నడిచి వచ్చారు. మనియార్డరు రసీదులు, ఓడ టిక్కెట్లు, రంగూన్ స్టూడియో ముద్ర ఉన్న పెళ్లి ఫొటోలు ఆ కుటుంబాల దగ్గర మిగిలాయి. ఏ ప్రభుత్వ పత్రాగారానికీ అవి చేరలేదు. వాటిని వెతికి నకలు తీయగలిగింది పక్కింటి టీచరమ్మ, కాలేజీ ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలు, ఊరి గ్రంథాలయంలో పేపరు చదవడానికి వచ్చే రిటైరైన గుమస్తా లాంటివాళ్లే.

సముద్రపు ఊరిలో కాగితానికి శత్రువులు ఎక్కువ. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిందంటే బూజుకు పండగే, మన తీరంలో అది రోజూ ఉండేదే. ఉప్పుగాలికి ఇనుము తినేస్తుంది. పాత దస్తావేజుల కట్టలో గుండుసూది గుచ్చిన చోట చూడండి, సూది చుట్టూ గోధుమరంగు మరక వ్యాపించి, ఆ మేర కాగితం అప్పడంలా పెళుసుగా మారి ఉంటుంది. తెలియనివాళ్లు సూదిని లాగేస్తారు. సూదితో పాటు సర్వే నంబరు రాసిన ముక్క కూడా ఊడి వస్తుంది. ముందు ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి, తర్వాత సూదికి రెండువైపులా పల్చటి ప్లాస్టిక్ ముక్కలు దూర్చి మెల్లగా వదులు చేయాలి, రాకపోతే వదిలేయాలి. ఆల్బంలో అంటుకుపోయిన ఫొటోలు కూడా అంతే, పీకకుండా పేజీ మొత్తంగా తీయాలి. ఫొటో వెనకవైపు తప్పకుండా తీయాలి. స్టూడియో ముద్ర, పెన్సిలుతో రాసిన ముహూర్తం, ‘చిన్నోడి బాలసార’ లాంటి మాట అక్కడే ఉంటాయి. తాటాకులయితే సంగతి వేరు, వాటికి నిమ్మగడ్డి నూనె పూయడం తెలిసిన చేతులు కావాలి. కార్యకర్తలు ఆ జోలికి పోకుండా ఫొటోలు తీసి పెద్ద గ్రంథాలయాలకు కబురు చేయడం మేలు.

పరికరాల గురించి ఎక్కువ బెంగ అక్కర్లేదు. మంచి ఫోను, దాన్ని కదలకుండా పట్టే స్టాండు, వరండాలో నీడపట్టు వెలుతురు ఉంటే ఉత్తరాలకు చాలు. చిన్న ఫొటోలకు మాత్రం ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, పెట్టడం మంచిది, ముఖాలు పెంచి చూసుకోవచ్చు. పక్కన ఒక స్కేలు పెట్టి తీస్తే కొలత తెలుస్తుంది. వాట్సాప్‌లో పంపుకుంటే ఫైలు పిండేసి చిన్నదైపోతుంది. అసలు ఫైలు కార్డులోంచే నేరుగా హార్డ్ డిస్కుకు ఎక్కాలి.

వరండా అన్నది వెలుతురు కోసమే కాదు. అసలు కాగితం గడప దాటకూడదు. ఇది మర్యాదకు సంబంధించిన నియమం, దాని వెనక పెద్ద కథ ఉంది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ తరఫున కావలి సోదరులు ఊరూరా తిరిగి కైఫీయతులు (ఊరి చరిత్ర రాసిన పత్రాలు), శాసనాల నకళ్లు సేకరించారు. అవి లేకపోతే మన గ్రామ చరిత్రల్లో సగం లేవు, ఆ రుణం పెద్దది. కానీ 1821లో మెకంజీ పోయాక ఆ సేకరణ కలకత్తా, లండన్, మద్రాసుల మధ్య చీలిపోయింది. ఊళ్లు ఇచ్చాయి, ఊళ్లకు తిరిగి ఏదీ రాలేదు. ఇప్పటికీ తీరంలో ఏ ఇంటికి వెళ్లినా ‘ఇదివరకు ఒకాయన వచ్చి ఫొటో పట్టుకెళ్లాడు, మళ్లీ కనబడలేదు’ అనే మాట వినిపిస్తుంది. అందుకని నకలు వాళ్ల కళ్ల ముందే తీయాలి. అదే రోజు ఒక ప్రింటు వాళ్ల చేతిలో పెట్టాలి. ఏది నలుగురికీ చూపొచ్చు, ఏది ఇంటివరకే ఉండాలి అన్నది వాళ్లనే అడిగి రాసుకోవాలి. కాపీరైటు లెక్కలు అది అయ్యాక. ప్రచురించిన రచనలకు రచయిత పోయాక 60 ఏళ్ల గడువు అనే చట్టం తెలిసినంత మాత్రాన ఒకరి తల్లి ఫొటోను నెట్‌లో పెట్టే హక్కు వచ్చేయదు.

ఈ పనంతా ఉచితంగా ఎందుకు చేయాలి అన్న ప్రశ్న న్యాయమైనదే. కాగితాల సంరక్షణ ప్రభుత్వ బాధ్యత, దానికి జీతం తీసుకునే శిక్షణ పొందిన ఉద్యోగులు ఉండాలి. వాళ్ల ఖాళీలను కార్యకర్తలతో నింపి పొదుపు చేశామనుకుంటే పని రెండేళ్లలో కూలబడుతుంది. సభ పెట్టి, శాలువాలు కప్పి, ఇన్ని వేల పేజీలు అయిపోయాయని ప్రకటించి, చివరికి హార్డ్ డిస్కును బీరువాలో పెట్టి తాళం వేయడం మన దగ్గర జరగని సంగతి కాదు. పేజీల లెక్క మీద మోజు పడితే వివరం రాసే ఓపిక పోతుంది. రోజుకు 500 స్కాన్లు చేసి ఏ ఒక్కదానికీ పేరు పెట్టని బృందం కన్నా, పది ఫొటోలు తీసి పదింటికీ చుట్టుపక్కల వాళ్లను అడిగి వివరాలు నింపిన ఇద్దరు మనుషులు ఎక్కువ చేసినట్టు. యంత్రాలు చేతిరాత చదవడం నేర్చుకునే కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. తిరగరాసే చాకిరీ తగ్గుతుంది, గుర్తుపట్టే పని మిగులుతుంది.

నెట్‌లో ఎక్కించాం కదా అని నిశ్చింతగా ఉండటానికీ లేదు. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ అంతటి సంస్థ డిజిటల్ సేవలు నెలల తరబడి ఆగిపోయాయి. బందరు తొలినాటి ఇంగ్లీషు కొఠీ కాగితాలు ఉన్నది ఆ గ్రంథాలయంలోనే. కనీసం మూడు నకళ్లు, రెండు వేర్వేరు రకాల నిల్వల్లో, ఒకటి మరో ఊళ్లో ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే నియమం. మన తీరానికి ఆ మూడో నకలు ఉండే ఊరు తుఫాను దారిలో లేని ఊరై ఉండాలి. భీమిలి కాగితాల మూడు నకళ్లూ విశాఖలోనే ఉంటే 2014 హుద్‌హుద్ లాంటి ఒక్క రోజు చాలు.

తుఫాను ప్రస్తావన ఈ తీరంలో ఏ మాటకైనా వెంట వస్తుంది. 1789లో, 1839లో కోరంగిని ఉప్పెన ముంచింది. 1839లో మూడు లక్షల మంది పోయారని ఒకరిని చూసి ఒకరు రాస్తూనే ఉన్నారు. ఒక చిన్న రేవు చుట్టుపక్కల అంత జనాభా ఎక్కడిది అని ఆగి ఆలోచించేవాళ్లు తక్కువ. 1864 నవంబరు 1 రాత్రి బందరులో సుమారు 30 వేల మంది పోయారు. ఈ అంకెలను నిగ్గు తేల్చగలిగింది ఓడల దినచర్య పుస్తకాలు, చర్చి రిజిస్టర్లు, పన్ను మాఫీ అర్జీలు. ఎంత నీరు ఎంత లోపలికి వచ్చిందో తెలిస్తే ఇప్పుడు ఎక్కడ ఇళ్లు కట్టకూడదో కూడా తెలుస్తుంది. పాత కాగితం పాత సంగతికే పనికొస్తుందనుకునేవాళ్లు కోరంగి ఉత్తరాలను ఒకసారి తుఫాను హెచ్చరికల విభాగం కళ్లతో చూడాలి.

ఉప్పాడలో సముద్రం ఇళ్లను, రోడ్డును తింటూ పోతోంది. అక్కడ ఒక పాత ఫొటోలో కనిపించే వీధి ఇప్పుడు నీటి కింద ఉంటుంది. ఆ వీధి వరస చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఉన్నంతవరకే ఆ ఫొటోకు చిరునామా ఉంటుంది. దివిసీమది మరో తొందర. 1977 నవంబరు 19న అక్కడ ఉప్పెన వచ్చినప్పుడు ఇరవై ఏళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు డెబ్భైకి దగ్గరగా ఉన్నారు. ఆ రాత్రి గురించి అడగడానికి వెళ్లే కార్యకర్తలు రికార్డరుతో పాటు కొలత టేపు కూడా పట్టుకెళ్లాలి. నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడిగితే చాలామంది మాటల్లో చెప్పరు. లేచి గుడి స్తంభం దగ్గరకో, బడి గోడ దగ్గరకో నడిచి, చెయ్యి పైకెత్తి ఒకచోట ఆనిస్తారు. ఆ చెయ్యి తీయకముందే ఫొటో తీసి, నేల నుంచి ఎత్తు కొలిచి, ఏ ఊరు, ఏ గోడ, ఎవరి చెయ్యి, ఏ తేదీ అన్నది అక్కడే రాసుకోవాలి.